‘అలాగేనండి’కి అర్థం

ఎదురింటివాళ్ళు ఇల్లు నేయిస్తున్నారు. పొద్దున వీధి తలుపు తీయగానే ఎండిన తాటాకు వాసన గుప్పుమంది. తాటాకు ఇంట్లో బతికినవాళ్ళకి ఆ వాసన ఎలాంటిదో చెప్పక్కర్లేదు, పెంకుటింట్లో పుట్టినవాళ్ళకి చెప్పినా తెలియదు. కింద నిలబడి ఇంటాయన కేకేస్తున్నాడు, “సాయంత్రానికి ఈ వైపంతా అయిపోవాలి సుమా!” అని. పైన వాసాల మీద కూర్చున్నవాడు తల కూడా తిప్పకుండా “ఆయ్, అలాగేనండీ” అన్నాడు. అరుగు మీద కూర్చున్న నేను పైకే నవ్వేశాను. లోపల వంటింట్లో నా భార్య రాజ్యం కూడా నవ్వింది; ఆవిడది ఇప్పటికీ పాము చెవి. “పాపం, అవదని ఆయనకి ఎవరైనా చెప్పండి” అంది అక్కడినుంచే. ఇద్దరం ఎవరిని తలుచుకున్నామో ఒకరికొకరం చెప్పుకోనవసరం లేకపోయింది. ఇప్పుడు మేముంటున్న ఈ రాజమండ్రి వీధిలో మాణిక్యమ్మ పిన్నిగారిని చూసినవాళ్ళు ఎవరూ లేరు. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. పాలకొల్లులో నేను కాపురం పెట్టిన ఇంటికి ఎదురింటావిడ, అంతే. ఊరందరికీ పిన్నిగారు కాబట్టి నాకూ పిన్నిగారు. పొట్టిగా, బొద్దుగా, ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడిచేది. ఇంట్లో ఒక్కతే ఉండేది. పొద్దుటి పనులు ముగించుకుని వీధి అరుగు మీద కూర్చుందంటే మళ్ళీ దీపాలవేళకే లేవడం. ఒళ్ళో పత్తి పెట్టుకుని వత్తులు చేస్తూ, వచ్చేపోయే ప్రతివాణ్ణీ ఆపి పలకరించేది. ఆ పలకరింపుల్లో ఊళ్ళోని వడ్రంగులూ, తాపీవాళ్ళూ, నుయ్యి తవ్వేవాళ్ళూ, ఇళ్ళు నేసేవాళ్ళూ అందరి గుణాలూ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. ఎవరింట్లో తలుపు ఊడినా, గోడ బీటలు వారినా ముందు ఆవిడ దగ్గరికే వచ్చి “ఎవరిని పిలవమంటారండీ?” అని అడిగేవాళ్ళు. ఆవిడ చెప్పినవాడు వచ్చేవాడు. వచ్చి పని పూర్తిచేసేవాడు కూడా. ఇది మాయో మంత్రమో అని నేను చాలాకాలం అనుకున్నాను.

నాది గుంటూరు వైపు. బడిపంతులు ఉద్యోగం దొరికి గోదావరి దాటి వచ్చినవాణ్ణి. నేను అద్దెకి తీసుకున్నది పాత తాటాకు ఇల్లు. దాని యజమాని పిఠాపురంలో ఉండేవాడు, కప్పు సంగతి అడిగితే మీరే నేయించుకోండి అనేశాడు. పెళ్ళయి రాజ్యం కాపురానికి వచ్చిన ఏడాది వానాకాలం గిన్నెలూ చెంబులూ ఇల్లంతా పరిచి, ఎక్కడ టప్పుమంటే అక్కడికి పరుగెత్తుతూ గడిపాం. సరిగ్గా ఆ వానల్లోనే మొగల్తూరునించి మా మామగారు కూతుర్ని చూడ్డానికి వచ్చి, మా ఇంట్లో గొడుగు వేసుకుని నిద్రపోయారు. మర్నాడు లేచి ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను భయపెట్టింది.

ఆ భయం ఊరికే పోలేదు. రాజ్యం పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. బారసాలకి వెళ్ళి పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాను; నా వేలు పట్టుకుని వదల్లేదు, నేనూ వదిలించుకోలేదు. ఇక తిరుగు ప్రయాణం అనగా మామగారు నన్ను పక్కకి పిలిచి, “అల్లుడుగారూ, కాలవ వదలగానే మొదటి పడవకి తల్లినీ పిల్లనీ తీసుకొస్తానండి. పిల్ల పడుకునే చోట కారకూడదు. కారేటట్టయితే దసరా వెళ్ళాకే పంపుతాను” అన్నారు. ఎండాకాలం కాలవలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. జ్యేష్ఠంలో నీళ్ళు వదులుతారు. నీళ్ళతో పడవలొస్తాయి, పడవల వెనకే వానలొస్తాయి. ఆ రెంటికీ ముందే నా ఇంటి మీద కొత్త ఆకు పడాలి. లేకపోతే నా కూతురు బోర్లాపడటం, పాకడం, బహుశా నిలబడటం కూడా నేను చూడను. “అలాగేనండి” అన్నాను మామగారితో. ఆయన నా మొహంలోకి అదోలా చూశారు. ఎందుకలా చూశారో అప్పుడు నాకు తెలియదు.

ఇళ్ళు నేసేవాళ్ళకి ఆ ఊళ్ళో కొదవలేదు, అందుకని పిన్నిగారిని అడగాలని నాకు తోచనే లేదు. నేను అడిగిన ప్రతివాడూ ఒప్పుకున్నాడు. అదే నా కొంప ముంచింది. మా వైపు పనివాడు రాలేకపోతే రానని మొహం మీదే చెప్తాడు, అడిగే వేళ ఇదేనా అని ఒక విసురు కూడా విసురుతాడు. ఇక్కడ ఒక్కడూ కాదనలేదు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని, “ఆయ్, అలాగేనండి మేష్టారండీ, తవరు సెప్పాలాండీ!” అనేవాడు. ఇంత మర్యాద గల దేశంలో పడ్డాను కదా అని పొంగిపోతూ ఇంటికొచ్చేవాణ్ణి. మర్నాడు ఎవడూ వచ్చేవాడు కాదు. వెళ్ళి నిలదీస్తే సిగ్గుపడడు, కోప్పడడు, తాను అబద్ధం ఆడానని అనుకోడు కూడా. “రేపొత్తానండి” అని అంతే మర్యాదగా అంటాడు. ఎండలు ముదురుతున్నాయి. దొడ్లో కొనిపెట్టుకున్న తాటాకు మోపుల నీడన వీధికుక్క ఒకటి పిల్లల్ని కూడా పెట్టింది.

నిజంగా వచ్చినవాడు అప్పన్న ఒక్కడే. వాడు రాకపోయినా బాగుండేది. పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కి, పడకగది మీద పాత ఆకంతా చరచరా ఊడదీసి కింద పారేశాడు. ఇల్లంతా మసి. నేను ఆనందం పట్టలేక కింద నిలబడి దగ్గుతున్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి దిగివచ్చి చేతులు దులుపుకుని, “అన్నం తినొత్తానండి” అని వెళ్ళాడు. ఆ అన్నం ఎంతకీ పూర్తికాలేదు. రేపు వస్తాడు, ఎల్లుండి వస్తాడు అని చూస్తూ ఆకాశం కింద మంచం వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాను. కారే ఇల్లు కాస్తా అసలు కప్పులేని ఇల్లయింది.

ఒక సాయంత్రం మంచం మీద వెల్లకిలా పడుకుని వాసాల సందుల్లోంచి కాకుల్ని చూస్తుంటే గుమ్మంలో నవ్వు వినపడింది. పిన్నిగారు. “ఏంటి మేష్టారూ, మంచం దిగకుండానే సూర్యనమస్కారాలు చేసుకుంటున్నారా? ఎంత అదృష్టమండీ!” అంది. నాకు ఒళ్ళు మండింది. నా గోడు వెళ్ళబోసుకున్నాను. అప్పన్న వస్తానని మాట ఇచ్చి తప్పాడనీ, ఈ ఊళ్ళో మాటకి విలువే లేదనీ గట్టిగానే అన్నాను. ఆవిడ గడప మీద కూర్చుంది.

“మాట ఇచ్చాడా? ఏమని ఇచ్చాడు? అన్నది అన్నట్టు చెప్పండి.”

“‘ఆయ్, అలాగేనండి, వత్తానండి’ అన్నాడు.”

“అదా!” అంది పిన్నిగారు. “ఆయ్ అంటే మీరన్నది వినపడిందని. అలాగేనండి అంటే మీరంటే గౌరవమని. వత్తానండి అంటే ఇంక మీరు వెళ్ళొచ్చని. ఇందులో మాట ఇవ్వడం ఎక్కడుందండీ?”

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. “మరి నిజంగా వస్తానని చెప్పడానికి ఏమంటారండీ?”

“దానికి మా వైపు మాట లేదండి” అంది ఆవిడ. “ వచ్చి నిలబడతారు.”

మర్నాడు ఆవిడ కబురంపితే ఇళ్ళు నేసేవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఆవిడ అరుగు దగ్గరికి వచ్చారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నోరు మెదపద్దని ముందే చెప్పింది. ప్రతివాడితోనూ అదే మాట: “మేష్టారి ఇల్లు నెయ్యాలి నాయనా. వచ్చే అమావాస్యనాడు మొదలెట్టు.” అమావాస్యనాడు కొత్త కుండలో నీళ్ళు కూడా పోయరు, పసిపిల్ల పడుకోబోయే ఇంటికి కప్పు మొదలెట్టమంటుందేమిటి ఈవిడ? కానీ వచ్చినవాళ్ళెవరూ తొణకలేదు, బెణకలేదు. “ఆయ్, అలాగేనండి పిన్నిగారండీ” అన్నాడు ఒకడు. “తవరెప్పుడంటే అప్పుడేనండి” అన్నాడు ఇంకొకడు. మూడోవాడు మరీ భక్తిగా, “అమావాస్యైతే ఇంకా మంచిదండి” అని వెళ్ళాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగి నేను లబోదిబోమన్నాను.

“అమావాస్య సంగతి వాళ్ళకి తెలీకనా?” అంది పిన్నిగారు, వత్తి నలుపుతూ. “వాళ్ళు నా మాట వినలేదండి, నా మొహం చూసి తలూపారు. అమావాస్యనాడు రమ్మన్నా కాదనలేనివాడు, మంచిరోజున రమ్మంటే ఔనన్నాడని ఎలా నమ్మమంటారు?”

అప్పుడు పేరయ్య వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, పొద్దున్నే వేపాకు నమిలినట్టున్న మొహం. తలగుడ్డ తీయలేదు. పిన్నిగారు అమావాస్య మాట అనగానే ఆవిడ వంక ఎగాదిగా చూశాడు.

“అమావాస్యనాడా? నేను రానండి.”

“నేను చెప్తున్నాను కదా పేరయ్యా!”

“మీరు సెప్పినా రానండి. ఇంటికి మంచిది కాదు, నాకూ మంచిది కాదు. మీకు మతి పోయిందేంటండి?”

పిన్నిగారి మొహం వెలిగిపోయింది. “పోనీ ఆ మర్నాడు?” అంది ఆశగా.

“మర్నాడూ రానండి. లాకుల కాడ పాక ఒకటి సేతిలో ఉంది. అదయ్యాకే ఏదైనా.” అంటూ మా ఇంట్లోకి వెళ్ళి పైకీ కిందకీ చూసి వచ్చాడు. “కాలవ వదిలేనాటికి ఇల్లంతా అవదండి. పడకగది అవుద్ది. వంటిల్లు అవదు. అవుద్దని ఎవరైనా సెప్తే ఆళ్ళ సేతే సేయించుకోండి.”

నేను పిన్నిగారి చెవి దగ్గరికి వంగి, “ఇతను అన్నిటికీ కాదంటున్నాడండీ” అన్నాను ఉక్రోషంగా. “కదూ!” అంది ఆవిడ, లంకెబిందె దొరికినంత సంబరంగా. ఆ సంబరం ఏమిటో నాకింకా పూర్తిగా తలకెక్కలేదు. కానీ తన చేతిలో ఇంకో పని ఉందని నాకు చెప్పిన పనివాడు అతనొక్కడేనని మాత్రం స్ఫురించింది. మిగిలినవాళ్ళంతా నా కోసమే పుట్టినట్టు మాట్లాడారు.

పేరయ్య మెట్లు దిగబోతూ ఇంకొక బాంబు పేల్చాడు. “ఇంకోటండి. ఈ ఇల్లు ఇప్పింది అప్పన్న. ఒకడు ఇప్పిన ఇంటి మీద ఇంకోడు నిచ్చెన వెయ్యకూడదండి, మాలో కట్టడి. ఆడు తన నోటితో ‘నేను సెయ్యను’ అంటే అప్పుడొత్తాను.” ఇందులో తిరకాసు ఏమిటో నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే అప్పటికి అప్పన్నని బాగా ఎరుగుదును. ఆకాశం విరిగి మీదపడ్డా వాడు ‘చెయ్యను’ అనడు. అంత మర్యాదస్తుడు.

అయినా ముగ్గురం కలిసి వాళ్ళ పేటకి వెళ్ళాం. అప్పన్న చెట్టు నీడన మంచమ్మీద పడుకున్నవాడు మమ్మల్ని చూసి గబుక్కున లేచి తలగుడ్డ తీశాడు. “రేపే వత్తానండి మేష్టారండీ, మీకాడికే బయల్దేరుతున్నానండి!” అన్నాడు. పిన్నిగారు బతిమాలింది. “నువ్వు రావద్దు నాయనా. నీకు వేరే పనులున్నాయి. నేను చెయ్యను అని ఒక్క మాట అను, చాలు. నీకు పుణ్యం ఉంటుంది.” అప్పన్న నాలిక్కరుచుకుని రెండు చెవులూ పట్టుకున్నాడు. “ఎంత మాటండీ! పెద్దోరు మీరు, మీ ఎదురుగా సెయ్యనని నా నోటితో ఎలాగంటానండి?” “నేనే అనమంటున్నాను కదా!” “ఆయ్, అలాగేనండి” అన్నాడు. అని ఊరుకున్నాడు. అనడు! పేరయ్య చేతులు కట్టుకుని తాటిచెట్టులా నిలబడ్డాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా కూతురికీ నాకూ మధ్య కాలవ లేదు, వాన లేదు, మామగారు కూడా లేరు. ఒక పెద్దమనిషి మర్యాద అడ్డం నిలబడింది.

అంతలో గుడిసె లోపల్నించి అప్పన్న భార్య గొంతు ఖంగుమంది. “సెయ్యడండీ! ఊళ్ళో ఇళ్ళన్నీ ఇప్పేసొచ్చి ఇక్కడ కూకున్నాడండీ! ఏ ఒక్కటీ సెయ్యడు! మా ఇంటికే ఆకు లేదు, ఓసారి పైకి సూడండీ!” చూశాం. నిజంగానే సగం కప్పు లేదు. అప్పన్న కూడా పైకి చూశాడు, అప్పుడే మొదటిసారి గమనించినవాడిలా. పిన్నిగారు పేరయ్య వైపు తిరిగింది. పేరయ్య కాసేపు గడ్డం గోక్కుని, “ఆడి ఆడది అంటే ఆడన్నట్టేనండి” అని తీర్పు చెప్పాడు. అప్పన్న మొహంలో ఎంత హాయి కనిపించిందో చెప్పలేను. మమ్మల్ని పేట చివరిదాకా సాగనంపాడు, ఎప్పుడు కావాలన్నా కబురంపమని పదేపదే చెప్పాడు.

లాకుల దగ్గర పాక పూర్తయిన మర్నాడే, పిలవకుండా, పేరయ్య వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు. పని చేస్తున్నంతసేపూ కాదంటూనే ఉండేవాడు. చూరు ఇంకాస్త కిందకి దించమంటే దించనన్నాడు. పొద్దు వాలేదాకా చేయమంటే చేయనన్నాడు. నేను బడి వదిలిపెట్టి వచ్చి కింద నిలబడితే పైనుంచి పోయి పిల్లలకి పాఠాలు చెప్పుకోమన్నాడు. అతను కాదన్న ప్రతిసారీ నాకు లోపల ధైర్యం పెరుగుతూ వచ్చింది. పిన్నిగారు ఎదురరుగు మీద కూర్చుని ఒక్కొక్క ‘కాదు’నీ పాట విన్నట్టు తలాడిస్తూ వినేది. పడకగది మీద కొత్త ఆకు పరుచుకుంది. లోపల పట్టపగలు చీకటి పడింది. ఆ చీకట్లో ఒక్కణ్ణీ నిలబడి ఎంత సంతోషించానో.

వంటింటి మీద పాత ఆకు తీసిన రోజునే కాలవ వదిలారు. ఆ వెంటనే, నేను అనుకున్నదానికంటే ముందుగా, మా మామగారు ఒక్కరూ వీధి మలుపులో కనిపించారు. పేరయ్య వంటింటి వాసాల మీద ఉన్నాడు. మామగారు వాకిట్లో నిలబడి పైకి చూశారు, నన్ను చూశారు. పడమటివైపు మబ్బు దిగి ఉంది.

“ఏమండీ అల్లుడుగారూ, ఇల్లయిందా?”

ఏడాదిపైగా ఆ ఊరి గాలి పీల్చినవాణ్ణి. ‘ఆయ్, రేపటికల్లా అయిపోతుందండి’ అన్న మాట నా నాలిక చివర సిద్ధంగా ఉంది. ఎంత తియ్యని మాటది! ఎదుటివాడికి నొప్పి లేదు, మనకి భయం లేదు. అయిందనకపోతే ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు, దసరా దాకా నా పిల్ల మొగల్తూరులో ఉంటుంది. పిన్నిగారి వైపు చూశాను. సాయం పలుకుతుందనుకుంటే, ఆవిడ తల వంచుకుని వత్తులు చేసుకుంటోంది. పైన పేరయ్య కూడా పని ఆపాడు.

“కాలేదండి మామగారూ” అన్నాను. “పడకగది అయింది, అది కారదు. వంటిల్లు కాలేదు. రేపూ అవదు. పౌర్ణమి దాకా పడుతుంది. ఈలోగా వాన వస్తే వంటిల్లు కారుతుందండి.”

మామగారు లోపలికి వెళ్ళి పడకగదిలో చాలాసేపు కప్పు చూస్తూ నిలబడ్డారు. బయటికి వచ్చి ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నారు. “లాకు దగ్గర పడవలో ఉన్నారండి తల్లీ పిల్లా. మీరు ‘రేపటికల్లా అయిపోతుందండి’ అని ఉంటే, ఆ పడవలోనే వెనక్కి తీసుకుపోదామనుకున్నాను. బారసాలనాడు మీరు అలాగేనండి అన్నారు చూడండి, అప్పటినుంచీ నాకు నిద్ర లేదు” అన్నారు. తరవాత నా భుజం మీద చెయ్యి వేసి, “వంటిల్లు కారితే అమ్మాయి గొడుగు వేసుకుని వండుకుంటుంది లెండి. నాకు అలవాటే కదా, దానికీ అలవాటవుతుంది” అని నవ్వారు. నేను లాకు దగ్గరికి నడవలేదు, పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ వదిలానో గుర్తులేదు. పడవ మూతి దగ్గర రాజ్యం నిలబడి ఉంది. పిల్ల నన్ను గుర్తుపట్టలేదు. పెద్ద గొంతుతో ఏడ్చి నా చొక్కా తడిపింది. నాకంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఆ రాత్రే వాన కురిసింది. పడకగదిలో ఒక్క చుక్క పడలేదు. వంటిల్లు మాత్రం, చెప్పిన ప్రకారం, చెరువైంది. పౌర్ణమి దాకా రాజ్యం ఎదురింట్లో పిన్నిగారి పొయ్యి మీద వండింది. ఇద్దరూ కలిసి వండుతూ నా మీద ఎన్ని హాస్యాలాడుకున్నారో, వీధి ఇవతలికి నవ్వులు వినిపించేవి. ఆ వాన పడ్డ మర్నాటినుంచి పిన్నిగారు నన్ను ‘మీరు’ అనడం మానేసి ‘అబ్బాయ్’ అనడం మొదలుపెట్టింది. నాకది బడిలో వచ్చిన ఏ మెప్పుకన్నా ఎక్కువగా తోచింది.

తరవాతి సంవత్సరాల్లో నేను కూడా ఆ ఊళ్ళో కాదనే మనిషిగా పేరుపడ్డాను. “మావాడు ఈసారి గట్టెక్కుతాడా మేష్టారూ?” అని అడిగిన తండ్రికి “ఎక్కడండి, లెక్కల్లో పోతాడు, సాయంత్రాలు నా దగ్గరికి పంపండి” అనేవాణ్ణి. మొదట్లో నొచ్చుకున్నవాళ్ళే తరవాత పిల్లల్ని వెతుక్కుంటూ తెచ్చి నా బడిలో వేశారు. బడి పెద్దలు అడిగినప్పుడు చేయలేని పని చేయలేనన్నాను, చేస్తానన్నది చేశాను. గుంటూరు మొరటుతనం అని కొందరన్నారు. కాదు, నాది పాలకొల్లు విద్య. మా వైపు కాదనడంలో కారం ఉంటుంది. కారం లేకుండా, ఎదుటివాడి మేలుకోరి కాదనడం నేను ఆ అరుగు దగ్గర నేర్చుకున్నాను. పోనుపోను మా ఇంటి అరుగు మీదకి కూడా జనం వచ్చి, తలుపు ఊడింది, ఎవరిని పిలవమంటారండీ అని అడగడం మొదలుపెట్టారు. పిన్నిగారు అది చూసి ‘నాకు శిష్యుడు దొరికాడు’ అని మురిసిపోయేది.

ఆవిడకి పెద్దతనం వచ్చింది. కాలు బాగా ఈడ్చేది. ఒకరోజు ఇల్లు అన్న కొడుక్కి ఇచ్చేసి, కాశీ వెళ్ళి అక్కడే ఉండిపోతానని చెప్పింది. నిడదవోలు దాకా పడవ, అక్కడినుంచి రైలు. ఆ పొద్దున రేవు దగ్గర వీధి వీధంతా ఉంది. మా అమ్మాయి అప్పటికి పెద్దదైంది, పిన్నిగారి మూట తనే మోసుకొచ్చింది. పేరయ్య కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని. అతను తలగుడ్డ తీయగా నేను చూసింది ఆ ఒక్కసారే. పడవవాడు గెడ వేశాడు. పిన్నిగారు మా అందరి వంకా చూసి, మామూలు గొంతుతో, “వెళ్తానర్రా” అంది.

గట్టు మీద అందరి మొహాలూ మాడిపోయాయి. రాజ్యం నీళ్ళల్లోకి దిగినంత పని చేసింది. “అదేం మాటండీ పిన్నిగారూ! వెళ్ళొస్తాననండి. ఒక్కసారి అనండి.”

“రానని తెలిసీ వస్తానని ఎలా అంటానే?” అంది పిన్నిగారు. “మా ఆయన రంగూను పడవెక్కుతూ వెళ్ళొస్తాననే అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళు అరుగు మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళందరినీ పలకరించాను. నా కోసం మీరెవరూ అలా కూర్చోకూడదు.” ఆవిడ భర్త సంగతి ఊరందరికీ తెలుసు. ఆవిడ నోట నేను వినడం మాత్రం అదే మొదలు. ఆవిడ ఏడవలేదు. రాజ్యం ఏడుస్తుంటే, “పిచ్చిదానా, వంటింట్లో పొయ్యి మీద పాలు పెట్టొచ్చావు, వెళ్ళి చూసుకో” అని నవ్వింది. పడవ కదిలింది.

చెప్పినట్టే ఆవిడ రాలేదు. చాలాకాలం ఆవిణ్ణి తలుచుకున్నాం, అన్నం దగ్గర, పండగ పూట, వాన పడినప్పుడు. మాకు బదిలీ అయ్యేదాకా ఎదురింటి ఖాళీ అరుగు చూసి రాజ్యం ఎన్నోసార్లు కళ్ళు తుడుచుకుంది; నేనూ తుడుచుకున్నాను. కానీ పడవ రేవుకి చేరిన చప్పుడైతే మాలో ఒక్కరం కూడా గుమ్మంలోకి వెళ్ళి తొంగి చూడలేదు.